గొడ్డలికి లొంగని మొద్దు

ఉత్తరాంధ్ర పల్లె వంటింట్లో మొద్దుకు పెద్దగా చోటు ఉండేది కాదు. మట్టితో మెత్తి, పేడతో అలికిన పొయ్యికి నోరు జానెడు. దాంట్లో దూరేవి పుల్లలు, కంపలు, కమ్మలు, పిడకలు. విజయనగరం మెట్ట ఊళ్లలో కందికంప, నువ్వుకట్టె, గోగుపుల్లలు. శ్రీకాకుళం తీరంలో కొబ్బరి మట్టలు, డొక్కలు, తాటికమ్మలు, ఎండిన జీడికొమ్మలు. కొండల అంచున చితుకులు. పొలం గట్టు మీదో పెరట్లోనో ఏది దొరికితే అదే పొయ్యిలోకి వెళ్లేది. విరవడానికి మోకాలు చాలు, నరకడానికి కత్తి చాలు. గొడ్డలి ఎత్తాల్సిన పని ఎప్పుడో గానీ పడేది కాదు.

వీటిలో గోగుపుల్లది ప్రత్యేకమైన కథ. గోగు పంట కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేస్తారు. ఊరిన కాడ మొదలు చితక్కొట్టి, నారను ఒక్క లాగుకు ఒలిచేస్తే తెల్లటి పుల్ల మిగులుతుంది. ఆ పుల్లలను గుడారంలా నిలబెట్టి ఎండబెట్టి, చూరు కింద పేరుస్తారు. దడికి కొన్ని, పాదులకు కొన్ని, మిగిలినవన్నీ పొయ్యికి. గోగుపుల్ల భగ్గున అంటుకుని భగ్గున ఆరిపోతుంది. అన్నం ఉడికేలోపు కట్ట సగం అయిపోతుంది. అందుకే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి లేవడానికి వీలుండదు, పుల్ల తర్వాత పుల్ల తోస్తూనే ఉండాలి. నార సంగతి వేరు. అది 'బిమ్లీ జనుము' పేరుతో భీమునిపట్నం రేవు మీదుగా దేశాలు తిరిగింది. నెల్లిమర్లలో, చిట్టివలసలో జూట్ మిల్లులు నడిపింది. జనుము వ్యాపారంలో బేళ్లు బిగించే పనికి హైడ్రాలిక్ ప్రెస్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అంటే ఒకే మొక్కకు రెండు రకాల బలం పనిచేసింది. నార మీద టన్నుల బరువు మోపే యంత్రం, పుల్ల మీద ఆడమనిషి మోకాలు.

అదే హైడ్రాలిక్ బలంతో మొద్దును చీల్చే యంత్రం చలిదేశాల పెరళ్లలో మామూలు సామాను అయ్యాక కూడా ఈ రెండు జిల్లాల వైపు చాలాకాలం చూడలేదు. పేదరికం ఒక కారణమే, కానీ అసలు కారణం అది కాదు. వంటచెరకు కోసం ఇక్కడివాళ్లు పెంచుకున్న చెట్టే గొడ్డలి కొలతకు పెరిగే చెట్టు. ఆ చెట్టు రావడానికి ముందు కట్టె కొండ మీద నుంచి, మనిషి నెత్తి మీద వచ్చేది.

పల్లెకు పుల్లలు సరిపోయినా పట్నానికి సరిపోవు. విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి లాంటి కోటలూ కచేరీలూ ఉన్న ఊళ్లకు కట్టెల అడితీలు కావలసి వచ్చాయి. పెళ్లిళ్లకు గాడిపొయ్యి తవ్వితే దాని మీద గుండిగలు ఎక్కుతాయి. గుండిగకు చితుకుల మంట ఆనదు, చేతిమందం పేళ్లు కావాలి. కాఫీ హోటలుకు తెల్లవారుజామున మొదలైన పొయ్యి రాత్రిదాకా ఆరకూడదు. ఇటుక బట్టీకి, కుమ్మరి ఆవానికి, వల్లకాటికి కట్టె లేకపోతే పని జరగదు. ఈ గిరాకీ కోసమే బళ్ల మీద మొద్దులు దిగేవి, వాటిని చీల్చడానికి కూలీలు వచ్చేవారు.

కట్టెలు కొట్టేవాడి పనిలో బలం కంటే చూపు ముఖ్యం. మొద్దును నిలబెట్టి, కోసిన ముఖం మీద ముందే ఏర్పడిన ఎండు పగులు ఎటు పోయిందో చూస్తాడు. ఆ గీత మీదే గొడ్డలి దించుతాడు. కణుపు కనిపిస్తే దాన్ని తప్పించి, పక్క నుంచి పేడు ఊడగొడతాడు. గొడ్డలి దిగి ఇరుక్కుంటే కదపడు. మొద్దుతో సహా పైకెత్తి, తిరగేసి గొడ్డలి మడమ మీద కొడతాడు, మొద్దు బరువే మొద్దును చీలుస్తుంది. అదీ కుదరకపోతే ఇనుప మేకు పెట్టి సమ్మెటతో కొట్టాలి. ఒక మేకు మునిగిపోతే దాని ముందు ఇంకోటి. చింత మొద్దు దగ్గర ఇలా మేకులు ఒకదాని వెనక ఒకటి మింగుడుపడిపోతుంటాయి. చింత నార మెలి తిరిగి ఉంటుంది, చీలిక ఎటు పోతుందో దానికే తెలియదు. మామిడి పచ్చిగా ఉండగా కొడితే లొంగుతుంది. తుమ్మ గట్టిదే గానీ మాట వింటుంది. ఇవన్నీ పుస్తకాల్లో రాసిన సంగతులు కావు. అడితి ముందు రోజంతా గొడ్డలి ఎత్తిదించే వాళ్లకు చేతుల్లో ఉన్న చదువు. కూలి మాత్రం ఎప్పుడూ ఆ చదువుకు కాదు, తూకానికే.

ఆ మొద్దులు దిగివచ్చిన కొండలు సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాతపట్నం, మెళియాపుట్టి వైపువి. ఆంధ్రదేశంలో గుగ్గిలం చెట్టు అడవిగా పెరిగేది ఈ ఉత్తరపు కొండల్లోనే. అక్కడి సవరలు, జాతాపులు పోడు కొట్టి రాగులు, సామలు, కందులు పండించుకునేవారు. నరికిన చెట్టు కాలి బూడిదై చేనికి ఎరువయ్యేది. పొయ్యికి కావలసింది ఎండి రాలినదే. సంతకు వెళ్లే రోజున చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లతో పాటు కట్టెమోపు కూడా దిగేది. మగవాళ్లు కావిడి వేసుకుంటే, ఆడవాళ్లు నెత్తిన పెట్టుకునేవారు. తెల్లవారకముందే కొండ దిగి, మోపు అమ్మి, ఉప్పో కిరసనాయిలో కొనుక్కుని మళ్లీ ఎక్కేవారు. పట్నం గృహస్థు బేరమాడింది కట్టె బరువు చూసి. నడిచిన దూరానికి ధర కట్టడం ఎవరికీ తోచలేదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఎక్కడికక్కడ రిజర్వు అడవికి హద్దురాళ్లు పాతడం, పోడు మీద ఆంక్షలు, ఏ చెట్టు ముట్టుకోవచ్చో ఏది కూడదో చెప్పే నిబంధనలు ఆ చట్టంతో మొదలయ్యాయి. ఈ ప్రాంతంలో చాలా భాగం జమీందారీ కావడంతో అడవి మీద జమీందారు పెత్తనం కూడా ఉండేది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా విడివడింది. దాని తర్వాత 1979లో విజయనగరం. జెండాలు మారినా కొండ దిగే దారిలో అటవీ గార్డు మాత్రం అక్కడే ఉన్నాడు. మోపుకింత, కావిడికింత అని మామూళ్లు. దీనికి తోడు సాహుకార్ల అప్పులు, కొలతల్లో మోసాలు, చేజారిపోయిన భూములు.

1960ల్లో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్లు గిరిజన సంఘాన్ని కట్టినప్పుడు ముందుకొచ్చిన కోరికల్లో పోడు భూములు, అప్పులు, కూలితో పాటు అడవి సరుకు మీద హక్కు కూడా ఉంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత సాయుధపోరాటంగా మారిన ఆ ఉద్యమం 1970 జులైలో సత్యనారాయణ, కైలాసం మరణంతో చివరి దశకు వచ్చింది. శ్రీకాకుళ పోరాటం గురించి రాసినవాళ్లు తుపాకుల గురించి చాలా రాశారు. కట్టెమోపు మీద వసూలు చేసిన చిల్లర గురించి తక్కువ రాశారు. రోజూ తగిలే దెబ్బ మాత్రం ఆ చిల్లరదే. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత, 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనం రాస్తూ చిట్టికంపలనూ చెట్టు మోళ్లనూ పేరుపెట్టి చేర్చారు. కొండమీద మోడుకు ఒక పార్లమెంటు చట్టంలో చోటు దొరకడానికి అంత కాలం పట్టింది.

ఇక మైదానంలో కథను మార్చింది సరుగుడు. తీరం వెంట ఊళ్లలో సరివి అనీ అంటారు. మన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలది. 1868లో కార్వార్ దగ్గర ఇసుక నేలల్లో నాటి చూశారు. రైలు ఇంజన్ల ఆకలి ఆ చెట్టును తూర్పు తీరానికీ వ్యాపింపజేసింది. దక్షిణాదిలో అప్పటికి బొగ్గు లేదు. ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైందే 1889లో. అందాకా మద్రాసు వైపు ఇంజన్లు చాలావరకు కట్టె తిని నడిచాయి. అడవులు కరిగిపోతుంటే, ఇసుకలో పెరిగి త్వరగా చేతికొచ్చే చెట్టు కోసం వెతికి సరుగుడును పట్టుకున్నారు. విజయనగరం మీదుగా వెళ్లే తూర్పు తీరపు లైను 1890ల్లో పూర్తయి, తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. బెంగాల్ బొగ్గు అందుబాటులో ఉన్న కంపెనీ అది. అయినా సరుగుడు ఆగలేదు. ఇంజను వద్దన్న కట్టెను పట్నం పొయ్యి తీసుకుంది.

రైతుకు ఆ చెట్టు నచ్చడానికి కారణాలు చాలా ఉన్నాయి. వేరు మీద ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి చేరి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి సారం లేని ఇసుకలోనూ పెరుగుతుంది. ఉప్పుగాలికి వెరవదు. పచ్చిగా ఉన్నా మండుతుంది, పొగ తక్కువ, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. 1980లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ వంటచెరకు చెట్ల మీద వెలువరించిన గ్రంథంలో సరుగుడును ప్రపంచంలోకెల్లా మేలైన వంటచెరకుగా చెప్పే మాటను ప్రస్తావించారు. పూసపాటిరేగ, భోగాపురం, రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల మండలాల్లో ఈ మాట అమెరికా వాళ్లు చెప్పనక్కర్లేదు.

కానీ కథకు కీలకమైన సంగతి ఇంకోటి ఉంది. సరుగుడును దగ్గర దగ్గరగా నాటుతారు. దాంతో కొమ్మలు పక్కకు పోక, కాండం నిటారుగా సాగుతుంది. నాలుగైదేళ్లకు నరికేస్తారు. అప్పటికి మొదలు చేతికి పట్టేంత, మహా అయితే తొడంత లావు. పై భాగం పందిరి రాటలకు, ఇళ్ల కట్టడంలో పరంజాలకు పోతుంది. మిగిలింది మూరెడు మూరెడు ముక్కలు కొడితే నేరుగా పొయ్యిలో పెట్టొచ్చు. కాస్త లావుగా ఉన్నదానికి ఒక్క దెబ్బ. నార నిటారుగా ఉంటుంది కనుక రెండు పేళ్లుగా విచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లు ఉంచితే ఇదే చెట్టు రోకలిబండలా గట్టిపడి గొడ్డలి నోరు తిప్పుతుంది. కానీ ఎవరు ఉంచుతారు? పెళ్లి ఖర్చుకో బావి తవ్వడానికో డబ్బు కావాలి. రైతు అవసరమే చెట్టు లావును నిర్ణయించింది.

ఆ తోటలో వృథా అయ్యేది దాదాపు ఏమీ లేదు. దారాల్లా రాలే ఆకును చీపుళ్లతో ఊడ్చి, వలల్లో కుక్కి ఆడవాళ్లు మోసుకుపోతారు. గుండ్రటి కాయలు నిప్పు రాజేయడానికి. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరమంతటా గాలిని ఆపడానికి సరుగుడు పట్టీలు పెంచే పని ఊపందుకున్నాక మత్స్యకారుల పల్లెలకు ఈ ఆకే ప్రధానమైన వంటచెరకు అయింది. అడితిలో కట్టె కొనలేని ఇంటికి కూడా సరుగుడు అందింది. ఒక్క మొదలు భాగమే, నేలలో ఉండిపోయే వేరుదుంగ, ఎవరికీ అంత తేలిగ్గా లొంగలేదు. తవ్వి తీసి, ఎండబెట్టి, బట్టీలకు చవగ్గా తోలేవారు.

తర్వాత కాగితం వచ్చింది. పార్వతీపురానికి ఉత్తరాన, సరిహద్దు దాటితే రాయగడ. అక్కడ 1960ల మొదట్లో మొదలైన కాగితం మిల్లు ఇప్పుడు జేకే పేపర్ పేరుతో నడుస్తోంది. అటు రాజమహేంద్రవరంలో మరో పెద్ద మిల్లు. మొదట్లో ఇవి వెదురు మీద నడిచాయి. వెదురు తగ్గేకొద్దీ సరుగుడు, నీలగిరి, సుబాబుల్ మీద పడ్డాయి. మొక్కలు ఇచ్చి, రైతుల చేత నాటించి, లారీలు పంపి కొనుక్కుంటున్నాయి. తోటలోనే బెరడు ఒలిచి, కొలతకు ముక్కలు చేసి, తూకం వేసి పంపడం కొత్త పద్ధతి. దీంతో పొయ్యి కోసం పెంచిన చెట్టు పొయ్యికి దూరమైంది. కాగితం ఇచ్చే ధరను కాఫీ హోటలు ఇవ్వలేదు కదా. అడితికి చేరేది చిటారు కొమ్మలు, వంకర కర్రలు, వేరుదుంగలు. అంటే చక్కగా చీలేవి కాగితానికి పోయి, చీలనివి కట్టెలు కొట్టేవాడి ముందు మిగిలాయి.

సరిగ్గా ఆ సమయానికే ఆ మనిషి కూడా ఊళ్లో లేకుండా పోయాడు. ఉత్తరాంధ్ర వలసలు కొత్తవి కావు. పందొమ్మిదో శతాబ్దపు చివరి నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాదిమంది రంగూను ఓడలెక్కారు. రేవులో కూలీలుగా, బియ్యం మిల్లుల్లో, కలప కోసే మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సేనలు రావడంతో మిగిలినవాళ్లలో చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. ఇప్పుడు రంగూనుకు బదులు హైదరాబాద్, చెన్నై, విశాఖ. భవనాల పనికి వెళితే వచ్చే కూలికి అడితి ముందు గొడ్డలి పట్టే యువకుడు దొరకడం కష్టం. ముసలివాళ్లు మిగిలారు. వాళ్ల ముందున్నది ఊరి మొత్తంలో అన్నింటికన్నా మొండి కట్టె.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, నాలుగున్నర ఐదున్నర మధ్య, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతిలో 165. నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర దాటిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం తోటల్ని కూడా దెబ్బతీసింది. తిత్లీ నేరుగా ఉద్దానం మీద పడింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తరాలుగా పెరిగిన కొబ్బరి, జీడి, పనస చెట్లు తెల్లారేసరికి నేలమీద ఉన్నాయి. రోడ్లకు అడ్డంగా, ఇళ్ల మీద, బావుల్లో. ఆ ప్రాంతానికి అన్ని మొద్దులు ఒక్కసారిగా ఎదురయ్యాయి. కొలతకు పెంచుకున్న చెట్టు కాదు, నలభై యాభై ఏళ్లు ఎవరూ గొడ్డలి తగలనివ్వని చెట్లు.

ఉద్దానంలో పడిన మూడు జాతుల చెట్లూ మూడు రకాలుగా ఎదురుతిరుగుతాయి. కొబ్బరికి టేకులాగా వలయాలుండవు. గట్టి నారపోగులు మెత్తటి పదార్థంలో కలిసి ఉంటాయి, బయట గట్టి, లోపల దూది. మేకు దిగుతుంది గానీ చీలిక సాగదు. నార పట్టుకుని వేలాడుతుంది. పైగా పచ్చి కొబ్బరి దుంగ నిండా నీరే, పొయ్యిలో పెడితే పొగ తప్ప మంట ఉండదు. తోటలోనే వదిలేస్తే కొమ్ముపురుగు పెరిగి, నిలబడ్డ చెట్లనూ తినేస్తుంది. పనస విలువైన కలప. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనస కాండంతోనే. దాన్ని కట్టెగా చీల్చడానికి మనసొప్పదు. కోత మిషనుకు పోవాల్సిందే. మిగిలింది జీడి. కలపకు పనికిరాదు, కట్టెగా బాగా మండుతుంది. కానీ కాండం పొట్టి, కొమ్మలు వంకర, నార అష్టవంకర. తోటంతా పడిపోయినా పలాస, కాశీబుగ్గ కర్మాగారాలకు ఆ కట్టెతో అంతగా పనిలేదు. జీడిగింజలు ఉడికించే బాయిలర్లకు పగలగొట్టిన తొక్కే మంట. నూనె ఉన్న తొక్క కాబట్టి కట్టె కంటే వేడి ఎక్కువ.

ఇలాంటి చోటే మొద్దు చీల్చే యంత్రం పనికొస్తుంది. దాన్ని నడిపే బలం పుట్టుక ఇంగ్లండులో. యార్క్‌షైర్‌లో పుట్టి లండన్‌లో తాళాలు చేసి పేరు తెచ్చుకున్న జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. మూసిన పాత్రలో ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని అంతకు శతాబ్దానికి పైగా ముందే ఫ్రాన్స్‌లో పాస్కల్ చెప్పాడు. చిన్న పిస్టన్‌ను నొక్కితే పెద్ద పిస్టన్ దగ్గర వైశాల్యం ఎన్ని రెట్లుంటే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. చెప్పడం తేలిక. చేసేసరికి పిస్టన్ పక్క నుంచి నీరు కారిపోయేది. గట్టిగా బిగిస్తే పిస్టన్ కదిలేది కాదు. బ్రామా కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే తోలుతో గిన్నెలాంటి పట్టీ పెట్టాడు. ఒత్తిడి పెరిగేకొద్దీ అదే పట్టీ విప్పారి గోడకు అంటుకుంటుంది, ఒత్తిడి తగ్గితే వదులవుతుంది. ఇప్పటి సిలిండర్లలో రబ్బరు సీళ్లు చేసేదీ అదే పని. చీల్చే యంత్రంలో ఈ పిస్టన్ అడ్డంగా పడుకుని ఉంటుంది. ఒక చివర మొద్దును మేకు మీదకు నెడుతుంది, లేదా మేకునే మొద్దులోకి దింపుతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో కట్టెల పొయ్యిలు మళ్లీ వెలిగినప్పుడు ఇళ్లలో దీని వాడకం బాగా పెరిగింది.

తెలుగు పల్లెకు అది రావాలంటే కొత్తగా ఇంజను కొననవసరం లేదు. ట్రాక్టరులోనే హైడ్రాలిక్ పంపు ఉంది. నాగలిని పైకెత్తడానికి ఆ ఏర్పాటు చేసింది ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్. 1939లో ఫోర్డుతో కలిసి తెచ్చిన ట్రాక్టరుతో అది ప్రపంచమంతటా పాకింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే ద్వారా మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన పొలాల్లోకీ వచ్చాయి. ట్రక్కును వెనక్కు వంచి ఇసుక పోసే ట్రాలీ కూడా అదే నూనె మీద నడుస్తుంది. ట్రాలీ గొట్టాన్ని తీసి మొద్దు చీల్చే సిలిండరుకు తగిలించాలన్న ఆలోచన ఏ వెల్డింగ్ షాపులోనైనా పుడుతుంది. అయితే అక్కడో చిక్కుంది. ట్రాలీ సిలిండరు నూనె బలంతో పైకి లేస్తుంది గానీ, కిందకు దిగేది ట్రక్కు బరువుతో. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి మొద్దు చీలిస్తే పిస్టన్ ముందుకెళ్లి అక్కడే ఆగిపోతుంది, వెనక్కు లాగే బరువు లేదు. కాబట్టి రెండు వైపులా నూనె తీసుకునే సిలిండరు కావాలి, దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పే లివర్ వాల్వు కావాలి. పాత జేసీబీ నుంచి విప్పిన సిలిండరు ఈ పనికి సరిపోతుంది.

లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సిలిండరు లోపలి వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 175 కిలోల ఒత్తిడి ఇస్తే మేకు మీద పడేది సుమారు 13.7 టన్నులు. సరుగుడు దుంగకు అది ఎక్కువే, చింత మొద్దుకు సరిపోతుంది. ఇక వేగం. పిస్టన్ 60 సెంటీమీటర్లు కదలాలంటే దాదాపు 4.7 లీటర్ల నూనె కావాలి. ట్రాక్టరు పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తే ఒక్కో దెబ్బకు 14 సెకన్లు. వెనక్కు వచ్చేటప్పుడు కడ్డీ ఆక్రమించిన చోటుకు నూనె అక్కర్లేదు కాబట్టి కాస్త తొందరగా వస్తుంది. గొడ్డలి ఆడే వేగం తెలిసిన కూలీకి ఇది నత్తనడకే. అందుకే యంత్రాలు చేసేవాళ్లు రెండంచెల పంపు పెడతారు. మేకు మొద్దును తాకేదాకా నూనె ఎక్కువ, ఒత్తిడి తక్కువ. తాకగానే నూనె తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. ట్రాక్టరుకు ఆ సౌకర్యం లేదు. దానికి బదులు మొద్దుల పొడవు బట్టి పిస్టన్ పూర్తిగా వెనక్కు రాకుండా మధ్యలోనే ఆపుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో జాగ్రత్త నూనె గురించి. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సు నూనే హైడ్రాలిక్‌కూ వెళుతుంది. ఇసుక నేలలో గొట్టం తగిలించేటప్పుడు కలిపే చోట తుడవకపోతే ఆ ఇసుక గేర్లలోకి చేరుతుంది. మొద్దుల కూలి మిగిల్చుకోబోయి గేరుబాక్సు ఖర్చు నెత్తికెత్తుకున్నట్టే. ఐరోపా నియమాల ప్రకారం యంత్రం నడిపేవాడి రెండు చేతులూ లివర్ల మీద ఉంటేనే మేకు కదలాలి. సొంతంగా మార్పులు చేసుకునేవాళ్లు మొట్టమొదట వదిలేసేది ఇదే, ఒక చెయ్యి మొద్దును పట్టుకోవడానికి ఖాళీ కావాలని. సిలిండరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. 13 టన్నులకు వేలు ఎముక అడ్డు కాదు.

ఇంతలో పొయ్యే మారిపోయింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మహిళా సంఘాలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024 నవంబర్ 1న ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2ను రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించింది శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. ఉద్దానం ఇళ్లలో కాఫీ గ్యాస్ మీద కాగుతోంది. స్నానానికి నీళ్లు మాత్రం చాలా పెరళ్లలో కొబ్బరి మట్టల మీదే. గాడిపొయ్యి, ఇటుక బట్టీ, వల్లకాడు ఇంకా కట్టె మీదే ఉన్నాయి.

కాబట్టి యంత్రం వచ్చినా దానికి దొరికేది ఇళ్ల కట్టె కాదు, కాగితం లారీ వదిలేసిన వేరుదుంగలు. వాటిని ఇప్పుడు మనుషులు తవ్వడం లేదు. తోట నరికాక జేసీబీ వచ్చి పెళ్లగించి గట్టున పోస్తుంది. ఇసుక అంటుకుని, నాలుగు దిక్కులా వేళ్లు చాచి, నార మెలికలు తిరిగి ఉంటాయి అవి. నాలుగు రెక్కల మేకు పెడితే ఒక్క దెబ్బకు నాలుగు పేళ్లు వస్తాయని ఆశ ఉంటుంది గానీ, మెలితిరిగిన దుంగలో నాలుగు వైపులా ఒకేసారి చీలికలు తెరుచుకోవు. ఒత్తిడి నాలుగు రెక్కలకూ పంచుకుపోయి పిస్టన్ నిలిచిపోతుంది. రిలీఫ్ వాల్వు కూత వేస్తుంది. ఒంటి రెక్క మేకే పెట్టి, దుంగను రెండుసార్లు తిప్పి, పెద్ద వేరు పక్కగా దింపాల్సి వస్తుంది. మేకు ఎటు నుంచి దింపాలో చూసి చెప్పడానికి లివరు పక్కన మళ్లీ ఆ పాత గొడ్డలి మనిషే కావాలి.